లాంకాస్టర్‌లో ఒక శుక్రవారం

అక్టోబరు నెల. ఉదయం ఆరు కావస్తోంది, ఇంకా చీకటి విడలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకాస్టర్ నగరం నడిబొడ్డున పెన్ స్క్వేర్‌లో మీరు నిలబడి ఉన్నారు. ఊపిరి వదిలితే ఆవిరి కనిపించేంత చలి. చౌరస్తా మధ్యలో 1874లో నిలబెట్టిన సైనికుల స్మారక స్తంభం ఉంది. దానికి వాయవ్యంగా నాలుగడుగులు వేస్తే రెండు చదరపు బురుజులతో ఎర్ర ఇటుకల భవనం ఎదురవుతుంది. అదే సెంట్రల్ మార్కెట్. లోపల అప్పుడే దీపాలన్నీ వెలిగాయి.

మార్కెట్ పక్కన ఓ వ్యాను వచ్చి ఆగింది. నడిపేది మామూలు అమెరికన్, తలకి బేస్‌బాల్ టోపీ. వెనక సీట్లలోంచి ఒక కుటుంబం దిగింది. ఆడవాళ్లు పూలూ గళ్లూ ఏమీ లేని ఒకే రంగు పొడుగు గౌన్లు వేసుకున్నారు, తలమీద పల్చని తెల్ల గుడ్డ టోపీలు పెట్టుకున్నారు. పెద్దాయనకు నల్ల కోటు, వెడల్పు అంచు టోపీ. గడ్డం నిండుగా ఉంది, మీసం మాత్రం లేదు. వీళ్లు ఆమిష్‌లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. కారు కొనరు, నడపరు. అవసరం పడితే డబ్బిచ్చి ఇంకొకరి బండి ఎక్కుతారు. వ్యానులోంచి అట్టపెట్టెలు దింపుతున్నారు. సెలెరీ కాడలు, గుమ్మడికాయలు, గాజు సీసాల్లో ఊరగాయలు, రాత్రి కాల్చిన పైలు. ఒకరితో ఒకరు మాట్లాడుకునేది పాత జర్మన్ యాస, ఇక్కడ దాన్ని పెన్సిల్వేనియా డచ్ అంటారు. డ్రైవరు వైపు తిరగ్గానే నోట ఇంగ్లీషు వస్తుంది.

వాళ్ల వెనకే మీరూ లోపలికి నడవండి. కొట్టుకీ కొట్టుకీ వాసన మారుతోంది. ఒకచోట అప్పుడే తీసిన ఆపిల్ రసం, ఇంకోచోట పొగపట్టిన మాంసం. మొలాసిస్‌తో చేసిన షూఫ్లై పై ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంటే మన చెరకు పాకం మడ్డి రుచి గుర్తుకొస్తుంది. చౌ-చౌ అనే ఊరగాయ సీసాలో బీన్స్, కాలీఫ్లవర్, మొక్కజొన్న గింజలు తీపి వెనిగర్‌లో ఊరుతున్నాయి. పొలంలో ఆఖరికి మిగిలిన కూరగాయలన్నీ పారేయకుండా శీతాకాలానికి దాచుకునే పద్ధతి అది. రెండు కొట్ల అవతల మధ్యప్రాచ్యపు వంటకాలు అమ్ముతున్నారు. కాఫీ కోసం వరసలో నిలబడ్డవాళ్లలో కొందరు స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. ఈ నగర జనాభా 58 వేలు. అందులో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు లాటినో మూలాలవాళ్లు, ఎక్కువమంది ప్యూర్టోరికో కుటుంబాలు. వాళ్ల పెద్దవాళ్లు గత శతాబ్దం మధ్యలో ఈ చుట్టుపక్కల పొలాల్లో, కోళ్ల ఫారాల్లో పనికి వచ్చినవారే. ఆ తర్వాత యుద్ధాలు తరిమిన శరణార్థులు ఎన్నో దేశాల నుంచి వచ్చి చేరారు. ఊరి స్థాయికి మించి శరణార్థులకు చోటిచ్చిన నగరమని లాంకాస్టర్‌కు పేరు.

ఈ స్థలం సంతకు కేటాయించింది 1730లలో. ఇప్పుడున్న భవనం కట్టింది 1889లో. చోటు మారకుండా, ఆగకుండా నడుస్తున్న రైతు బజార్లలో అమెరికాలో ఇదే పాతదని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మంగళ, శుక్ర, శనివారాల్లో తెరుస్తారు. పొలం నుంచి ఊళ్లోకి కూర, ఊరి నుంచి పొలానికి డబ్బు: రెండు వందల తొంభై ఏళ్లుగా ఈ నగరానికి, చుట్టూ ఉన్న పల్లెలకి మధ్య నడుస్తున్న బంధం ఈ కప్పు కింద కళ్లకు కడుతుంది.

బయటికి వచ్చేసరికి తెల్లవారింది. మళ్లీ చౌరస్తాలోకి వచ్చారు. స్తంభం ఉన్నచోట ఒకప్పుడు కోర్టు భవనం ఉండేది. 1777 సెప్టెంబరు 27న, బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియాను ఆక్రమించబోతోందని అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన అమెరికా కాంగ్రెస్ ఆ కోర్టులో సమావేశమైంది. వెంటనే నది దాటి యార్క్‌కు వెళ్లిపోయింది. ఆ ఒక్కరోజూ లాంకాస్టర్ దేశ రాజధాని. 1799 నుంచి 1812 వరకూ రాష్ట్ర రాజధాని కూడా. తీరానికి దూరంగా ఉన్న పట్టణాల్లో ఇదే పెద్దదిగా ఉన్న రోజులవి. పడమరకు వలస పోయేవాళ్లు బండ్లూ తుపాకులూ ఇక్కడ చేయించుకునేవారు. ఫిలడెల్ఫియా నుంచి ఇక్కడిదాకా 62 మైళ్ల రాతి రోడ్డు 1790లలోనే పడింది.

ఇక్కణ్ణుంచి పడమరకు ఒక వీధి దాటితే ప్రిన్స్ స్ట్రీట్. అక్కడ ఫుల్టన్ థియేటర్ ఉంది, 1852 నాటి నాటకశాల. ముందువైపు అందమంతా చూశాక, భవనాన్ని చుట్టి వెనక సందులోకి రండి. కింది భాగంలో రాతి గోడ ఒకటి కనిపిస్తుంది. అది థియేటర్ కన్నా పాతది. ఆ చోట పూర్వం జైలు ఉండేది. ఆ జైలు పునాది మీదే థియేటర్ లేచింది.

గోడ మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఆగండి. 1763 డిసెంబరు. ఊరికి కొద్ది మైళ్ల దూరంలో కొనెస్టోగా తెగ ఆదివాసులు ఓ చిన్న గూడెంలో ఉండేవారు. ఈ వలసరాజ్యాన్ని స్థాపించిన విలియం పెన్‌తో 1701లో శాంతి ఒప్పందం చేసుకున్నవాళ్లు. చీపుళ్లూ బుట్టలూ అల్లి తెల్లవాళ్ల ఇళ్లకు అమ్ముకుంటూ బతికేవాళ్లు. సరిహద్దు యుద్ధాల కోపంతో రగిలిపోతున్న పాక్స్‌టన్ ప్రాంతపు సాయుధ మూక డిసెంబరు 14న గూడెం మీద పడి ఆరుగురిని చంపింది. మిగిలిన పద్నాలుగు మందిని కాపాడతామని అధికారులు ఈ జైలు ఆవరణలోకి తెచ్చి పెట్టారు. డిసెంబరు 27న, పట్టపగలు, మూక గుర్రాల మీద ఊళ్లోకి వచ్చింది. తలుపులు పగలగొట్టి పద్నాలుగు మందినీ నరికేసింది. వాళ్లలో పసిపిల్లలు ఉన్నారు. ఊరు చూస్తూ ఉండిపోయింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మరుసటి నెలలోనే ఆ హత్యలను ఖండిస్తూ కరపత్రం అచ్చువేశాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఇదే ఊళ్లో కాలేజీ పెడుతుంటే 200 పౌండ్లు ఇచ్చిందీ ఆయనే. నేటి ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీకి 1787లో పడిన విత్తు అది.

లాంకాస్టర్ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ గోడ దగ్గర తప్పకుండా ఆగుతాను. గుర్రపు బండ్లూ పచ్చని పొలాలూ చూసి ఇక్కడి మనుషులు పుట్టుకతోనే శాంతమూర్తులని అనుకునే ప్రమాదం ఉంది. పొరుగువాణ్ణి కాపాడలేకపోతే ఏమవుతుందో ఈ ఊరు తన నడివీధిలో చూసింది.

ఇప్పుడు వెనక్కి, దక్షిణ క్వీన్ స్ట్రీట్‌కి. కొత్తగా కట్టిన హోటలూ సమావేశ మందిరమూ చుట్టుముట్టిన మధ్యలో పాత ఇటుక ఇల్లు ఒకటి దాగి ఉంది. థాడియస్ స్టీవెన్స్ ఇల్లూ, వకీలు ఆఫీసూ. 1842లో ఇక్కడికి వచ్చి ప్రాక్టీసు పెట్టాడు. బానిసత్వానికి బద్ధశత్రువు. 1851లో ఈ జిల్లాలోనే క్రిస్టియానా అనే ఊళ్లో, పారిపోయి వచ్చిన బానిసలను పట్టుకుపోవడానికి వచ్చిన యజమాని ఎదురుదాడిలో చనిపోయాడు. ఆ కేసులో దేశద్రోహ నేరం మోపబడ్డ నిందితుడి తరఫున నిలిచిన వకీళ్లలో స్టీవెన్స్ ఒకడు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ ఇంటి దగ్గర జరిగిన తవ్వకాల్లో భూగర్భ నీటి తొట్టె ఒకటి బయటపడింది. పారిపోతున్నవారిని దాచడానికి దాన్ని వాడి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. ఈ ఇంటి వ్యవహారాలన్నీ నడిపింది లిడియా హామిల్టన్ స్మిత్ అనే మిశ్రమ జాతి స్త్రీ. తన సొంత సంపాదనతో ఊళ్లో ఇళ్లు కొన్న వ్యాపారి కూడా.

ఊరికి పడమటి అంచున వీట్‌ల్యాండ్ అనే తెల్ల స్తంభాల బంగళా ఉంది. అది అమెరికా 15వ అధ్యక్షుడు జేమ్స్ బుకానన్ ఇల్లు. 1857 నుంచి 1861 వరకూ పాలించాడు. బానిసత్వం విషయంలో ఎవరినీ నొప్పించకుండా సర్దుకుపోదామన్నది ఆయన పద్ధతి. ఆయన పదవి దిగేనాటికి ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. తిరిగి వచ్చి ఈ బంగళాలోనే తన పాలనను సమర్థించుకుంటూ పుస్తకం రాసుకున్నాడు. ఒకే ఊరి ఇద్దరు వకీళ్లు, ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. 1868లో జూన్ 1న బుకానన్, ఆగస్టు 11న స్టీవెన్స్ కన్నుమూశారు.

స్టీవెన్స్ సమాధి కోసం చెస్ట్‌నట్ వీధిలో, మల్బరీ వీధి మలుపు దగ్గరున్న చిన్న శ్మశానానికి వెళ్లండి. పెద్ద పెద్ద శ్మశానాలు నల్లవారిని లోపలికి రానివ్వని కాలంలో, అందరినీ రానిచ్చే ఈ చిన్నచోటును ఆయన కోరి ఎంచుకున్నాడు. ఎందుకు ఎంచుకున్నాడో తన సమాధి రాతి మీదే చెక్కించుకున్నాడు: జీవితమంతా తాను చెప్పిన మాట చావులోనూ చూపించడానికట, సృష్టికర్త ముందు మనుషులంతా సమానమన్న మాట. అమెరికా రాజ్యాంగానికి చేసిన 13, 14వ సవరణల వెనక ఈ మనిషి పట్టుదల ఉంది.

మధ్యాహ్నమైంది. కారెక్కి తూర్పుకు బయల్దేరండి. 340వ నంబరు రోడ్డు, పాత ఫిలడెల్ఫియా బాట. షాపులు పలచబడ్డాయి. ఓ పదిహేను నిమిషాల్లో రెండువైపులా పొలాలు పరుచుకున్నాయి. ముందు ఏదో నెమ్మదిగా పోతోంది, వెనక నారింజ రంగు త్రికోణం మెరుస్తోంది. బూడిద రంగు బగ్గీ. వేరే రాష్ట్రాల ఆమిష్‌లు చాలామంది నల్లబండ్లు వాడతారు, లాంకాస్టర్‌వి మాత్రం బూడిద రంగు. లాగే గుర్రం చాలాసార్లు పందేల మైదానం నుంచి విరమించినదే. బ్యాటరీ మీద వెలిగే లైట్లు, మలుపు సూచించే దీపాలు బండికి ఉన్నాయి. మీరు వేగం తగ్గించి, ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసుకుని, దూరంగా జరిగి దాటండి. హారన్ మోగించకండి, గుర్రం బెదురుతుంది.

ఎడమవైపు పొలంలో ఆరు కంచరగాడిదలు వరసగా కట్టిన యంత్రం ముందుకు కదులుతోంది. పైన నిలబడి పగ్గాలు పట్టుకున్న కుర్రాడికి ఇంకా గడ్డం లేదు, అంటే పెళ్లి కాలేదు. అవతల పొడవాటి చెక్క కొట్టం. గోడ పలకలు కిటికీ రెక్కల్లా బయటికి తెరుచుకున్నాయి. లోపల పొగాకు వేలాడుతోంది. ప్రకాశం జిల్లా బ్యారన్లలో మంట వేసి వర్జీనియా ఆకు కాల్చడం చూసినవాళ్లకు ఇక్కడ ఆశ్చర్యంగా ఉంటుంది. ఇక్కడ నిప్పు లేదు, గాలికే వారాల తరబడి ఆరుతుంది.

గట్టు దగ్గర కారు ఆపి, పొలం పక్కనున్న ఆమిష్ ఇంటివైపు చూడండి. కరెంటు తీగ ఒక్కటీ ఇంటికి రాదు. కానీ లోపల ఫ్రిజ్ ఉంది, అది గ్యాస్ మీద నడుస్తుంది. పక్కన వడ్రంగి షెడ్డులో రంపం తిరుగుతోంది, డీజిల్ ఇంజను నింపిన గాలి ఒత్తిడి దాన్ని తిప్పుతోంది. బాట చివర చెక్క గది ఒకటి. అందులో టెలిఫోను ఉంది, చుట్టుపక్కల ఇళ్లకు ఉమ్మడిగా. ఫోను ఇంట్లో ఉంటే మనుషులు ఒకరింటికి ఒకరు వెళ్లడం మానేస్తారని వందేళ్లకు ముందే వాళ్ల పెద్దలు తీర్మానించారు. అవసరానికి పనికొచ్చేంత దగ్గర, వాడకం తగ్గేంత దూరం. ఇంటికి తెచ్చుకునే ప్రతి వస్తువుకూ వాళ్లు వేసే ప్రశ్న ఒకటే: ఇది వస్తే మా ఇల్లూ మా గుంపూ కలిసి ఉంటాయా, విడిపోతాయా? 1960ల చివర పాల కంపెనీలు పాలను చల్లార్చే పెద్ద తొట్లు ఉంటేనే కొంటామన్నాయి. చర్చి పెద్దలు కూర్చుని మాట్లాడి ఒప్పుకున్నారు, ఆదివారం మాత్రం పాలబండి రాకూడదన్న షరతుతో. పద్ధతులు మారుతూనే ఉంటాయి. ఎంతవరకు మారాలో అందరూ కలిసి కూర్చుని తేల్చుకుంటారు.

వీళ్ల కథ 1693లో స్విట్జర్లాండ్, ఆల్సేస్ ప్రాంతాల్లో మొదలైంది. పసిపిల్లలకు కాకుండా, బుద్ధి తెలిసి తమంతట తాము కోరుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలని, ఆయుధం పట్టకూడదని నమ్మిన క్రైస్తవుల్లో యాకబ్ అమ్మాన్ మరింత కట్టుబాటు కోరి వేరుపడ్డాడు. ఆ నమ్మకానికి యూరప్‌లో జైళ్లూ మరణశిక్షలూ ఎదురయ్యాయి. పెన్ వలసరాజ్యం ఏ మతంవాళ్లనైనా రానిస్తుందని విని 18వ శతాబ్దంలో ఓడలెక్కారు. నేడు లాంకాస్టర్ చుట్టుపక్కల 40 వేలకు పైగా ఉన్నారు. కుటుంబానికి ఆరేడుగురు పిల్లలు మామూలు. ఎదిగిన పిల్లల్లో అత్యధికులు ఆ చర్చిలోనే బాప్తిస్మం తీసుకుంటారు. పిల్లలు ఎక్కువ, భూమి తక్కువ, ధర ఆకాశంలో. అందుకే సగానికి పైగా మగవాళ్లు ఇప్పుడు వడ్రంగమో, ఇళ్ల నిర్మాణమో, చిన్న దుకాణమో చేసుకుంటున్నారు. కొందరు చవక భూములు వెతుక్కుంటూ న్యూయార్క్, కెంటకీ రాష్ట్రాలకు వెళ్తున్నారు.

ఈ జీవితానికి కఠినమైన అంచులూ ఉన్నాయి. చదువు ఎనిమిదో తరగతితో ఆఖరు. బాప్తిస్మం తీసుకున్నాక చర్చి వదిలి వెళ్లినవాళ్లను సొంతవాళ్లే భోజనం బల్ల దగ్గర కలుపుకోరు. చర్చి పదవులు మగవాళ్లకే. అది మెచ్చుకోవాల్సిన అవసరం మనకు లేదు. ఆ పొరుగువాళ్లు అలా బతకడానికి ఈ జిల్లా, ఈ దేశం ఏం చేశాయన్నదే నాకు ముఖ్యం. మొదట్లో పోరు తప్పలేదు. 1950లలో పిల్లల్ని హైస్కూలుకు పంపలేదని ఇక్కడి ఆమిష్ తండ్రులను జైల్లో పెట్టారు. 1965లో సామాజిక భద్రత పన్ను నుంచి వాళ్లకు మినహాయింపు వచ్చింది, తమ ముసలివాళ్లను తామే చూసుకుంటారు గనక. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ కేసులో సుప్రీం కోర్టు ఎనిమిదో తరగతి తర్వాత బడి మాన్పించే హక్కును గుర్తించింది. ఇళ్ల స్థలాలు పొలాలను మింగేస్తుంటే ఈ జిల్లా అభివృద్ధి హక్కులను డబ్బిచ్చి కొని లక్ష ఎకరాలకు పైగా భూమిని ఎప్పటికీ సేద్యానికే ఉండేలా కట్టేసింది. పల్లెల్లో అగ్నిమాపక దళాలు దాదాపు అన్నీ స్వచ్ఛంద సేవకులవి. ఆమిష్ యువకులు వాటిలో అందరితో కలిసి నీటి గొట్టాలు పట్టుకుంటారు. వసంతంలో బురద నేలల్లో ఆ దళాల కోసం జరిగే వేలంపాటల్లో ఆమిష్ ఆడవాళ్లు కుట్టిన దుప్పట్లు అమ్ముడుపోతాయి.

పొద్దు వాలుతోంది. కారును దక్షిణానికి తిప్పి నికెల్ మైన్స్ చేరండి. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, ఒక పచ్చిక మైదానం తప్ప. 2006 అక్టోబరు 2 సోమవారం ఉదయం వరకూ అక్కడ ఒకే గది ఆమిష్ బడి ఉండేది. ఆ చుట్టుపక్కల పాలబండి నడిపే వ్యక్తి తుపాకులతో లోపలికి వచ్చి, మగపిల్లలనూ పెద్దవాళ్లనూ బయటికి పంపి, పదిమంది ఆడపిల్లలను కాల్చాడు. ఐదుగురు చనిపోయారు. తర్వాత తననూ కాల్చుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమిష్ పెద్దలు అతని కుటుంబం ఉన్న ఇంటికి వెళ్లారు. మీమీద మాకు కోపం లేదని చెప్పడానికి. బిడ్డల్ని పాతిపెట్టిన కొన్నిరోజులకే అతని అంత్యక్రియలకూ వెళ్లారు. వచ్చినవాళ్లలో దాదాపు సగంమంది ఆమిష్‌లే. దేశమంతటి నుంచి తమకు వచ్చిన విరాళాల్లోంచి అతని భార్యాపిల్లలకూ వాటా ఇచ్చారు. పది రోజులకు బడిని కూల్చి నేల చదును చేశారు. ఆరు నెలలకు, 2007 ఏప్రిల్‌లో, కొద్ది దూరంలో కొత్త బడి తెరిచారు. దుఃఖం తగ్గిందని వాళ్లెప్పుడూ చెప్పలేదు. క్షమించడం ఒక్కరోజుతో అయ్యే పని కాదనీ, రోజూ మళ్లీ మొదలుపెట్టాలనీ చెప్పారు.

ఉదయం చూసిన రాతిగోడకూ, ఈ పచ్చికకూ మధ్య 243 ఏళ్ల దూరం. ఒకచోట, ఎక్కడో ఎవరో చేసినదానికి పక్కవాళ్లను చంపారు. ఇంకోచోట, తమ బిడ్డలను చంపినవాడి ఇంటివాళ్లను పక్కవాళ్లుగానే ఉంచుకున్నారు. ఒకే జిల్లాలో ఈ రెండూ జరిగాయి గనక, మంచితనం ఈ నేలలోనే ఉందని ఎవరూ అనలేరు. మనుషులు పూనుకుని చేసినదే మిగిలింది.

న్యూజెర్సీలోనో ఫిలడెల్ఫియా చుట్టుపక్కలో ఉండే తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు హెర్షీ చాక్లెట్ పట్టణం చూపించి, దారిలో గుర్రపు బండ్లూ చూపించి తీసుకొస్తుంటారు. మీరు వెళ్లేటప్పుడు ఒక పూట నగరానికి కేటాయించండి. ఆ చాక్లెట్ పట్టణానికి పేరిచ్చిన హెర్షీ అనే వ్యాపారి, చాక్లెట్ కన్నా ముందు కారమెల్ ఇక్కడే చేశాడు, 1886లో, ఈ పొలాల పాలతో. మార్కెట్లో తినండి, ఫుల్టన్ వెనక గోడ చూడండి, స్టీవెన్స్ సమాధి రాత పెద్దగా చదివి పిల్లలకు వినిపించండి. తర్వాతే పల్లెలకు వెళ్లండి. ఆమిష్‌ల ముఖాలను ఫొటో తీయకండి, అది వాళ్ల మతానికి విరుద్ధం. కూరగాయలో దుప్పటో కొనాలంటే ఆదివారం వెళ్లకండి, ఆ రోజు ఒక్క ఆమిష్ కొట్టూ తెరవరు. పొరుగువాడు మనలా మారితేనే భరిస్తామనే షరతు లేకుండా బతకాలంటే కోర్టు తీర్పులు, చట్టాలు, పన్ను డబ్బు, రోడ్డు మీద కాస్త ఓపిక అన్నీ కావాలి. లాంకాస్టర్ ఆ ఖర్చు పెడుతోంది. మన ఊళ్లూ పెట్టగలవు.